కుక్కల కోసం సాక్ష్యం చెప్పిన ఆదివాసులు

చరిత్ర పుస్తకాల్లో రాజుల ఏనుగులుంటాయి, సుల్తానుల గుర్రాలుంటాయి. కుక్క మాత్రం కనబడదు. కానీ అడవిలో, కొండల మీద, మంచులో బతికిన జనాల చరిత్ర రాయాలంటే కుక్కను పక్కన పెట్టి రాయడం కుదరదు. వేటకు ముందు నడిచింది అదే. రాత్రి గూడేన్ని కాసింది అదే. కరువులో మనిషితో పాటు పస్తు ఉన్నదీ అదే.

ఈ వ్యాసంలో నేను చెప్పబోయేది మన ఏజెన్సీ కథ కాదు. కెనడా దేశపు ఉత్తర కొసన మంచు నేలల్లో బతికే ఇనుయిట్ ఆదివాసుల కథ, వాళ్ళ కుక్కల కథ. సముద్రాల అవతలి సంగతి మనకెందుకు అని యువకులు అడగవచ్చు. చదివి చూడండి. మన పెద్దవాళ్ళ నోట విన్న మాటలు చాలా గుర్తుకొస్తాయి.

ఇనుయిట్లు ఎవరు?

మన పాత పాఠ్యపుస్తకాల్లో వీళ్ళను 'ఎస్కిమోలు' అని రాశారు. అది బయటివాళ్ళు పెట్టిన పేరు. వాళ్ళు తమను 'ఇనుయిట్' అని చెప్పుకుంటారు. వాళ్ళ భాషలో ఆ మాటకు 'మనుషులు' అని అర్థం. ఒక్క మనిషిని 'ఇనుక్' అంటారు. గోండులు, కోయలు తమను 'కోయతూర్' అని చెప్పుకోవడం లాంటిదే ఇది.

అలాస్కా నుంచి కెనడా మీదుగా గ్రీన్‌లాండ్ దాకా వీళ్ళ నేల పరుచుకుని ఉంది. చాలా చోట్ల చెట్టు మొలవదు. చలికాలంలో సముద్రమే గడ్డకట్టి నేలలాగా అవుతుంది. సున్నాకు 30, 40 డిగ్రీల దిగువన చలి ఉంటుంది. మరీ ఉత్తరాన ఉన్న ఊళ్ళలో కొన్ని వారాల పాటు పొద్దే పొడవదు. అక్కడ పంట లేదు. సీల్, వాల్రస్ అనే సముద్ర జంతువులు, కారిబూ అనే దుప్పి జాతి జంతువు, చేపలు, ఇవే వాళ్ళ తిండి, బట్ట, దీపానికి నూనె.

వీళ్ళ పూర్వీకులు దాదాపు వెయ్యేళ్ళ కిందట అలాస్కా వైపు నుంచి తూర్పుకు వచ్చారు. కుక్కలు లాగే బండ్ల మీద వచ్చారు. కుక్క చేత మంచు మీద బండి లాగించే విద్య అంతకంటే చాలా పాతది. సైబీరియాకు ఉత్తరాన జోఖోవ్ అనే దీవిలో సుమారు 9,500 ఏళ్ళ నాటి కుక్కల ఎముకలు, బండి భాగాలు దొరికాయి. చక్రం పుట్టడానికి ఎన్నో వేల ఏళ్ళ ముందే మంచు నేలల మనుషులు, కుక్కలు కలిసి దూరాలు దాటారన్నమాట.

కిమ్మిక్ చేసిన పని

ఇనుయిట్ భాషలో కుక్కను 'కిమ్మిక్' అంటారు. చెక్కతో చేసిన మంచు బండి 'కముతీక్'. ఒక్కో బండికి పది, పన్నెండు కుక్కలు కట్టేవాళ్ళు. ఒక్కో కుక్కకు ఒక్కో తాడు. విసనకర్ర విప్పినట్టు అవి పరుచుకుని లాగేవి. మంచు ఎక్కడైనా విరిగితే అన్నీ ఒక్కచోట పడిపోకుండా ఈ ఏర్పాటు.

బండి లాగడం వాటి పనిలో ఒక భాగం మాత్రమే. సీల్ గడ్డకట్టిన సముద్రం కింద ఉంటూ ఊపిరి కోసం మంచులో చిన్న రంధ్రం చేసుకుంటుంది. పైన మంచు కప్పేస్తే ఆ రంధ్రం మనిషి కంటికి ఆనదు. కుక్క వాసన పట్టి చూపించేది. వేటగాడు అక్కడ గంటల తరబడి కదలకుండా నిలబడేవాడు. తెల్ల ఎలుగుబంటి ఎదురైతే కుక్కలు చుట్టుముట్టి ఆపేవి. మంచు తుఫానులో దారి తప్పితే వేటగాడు తాడు వదులు చేసి కుక్కలనే నడవనిచ్చేవాడు. అవి ఇంటికి చేర్చేవి. ఎండాకాలంలో బండి నడవదు కాబట్టి వీపు మీద మూటలు మోసేవి.

పిల్లల్ని ఆడవాళ్ళు సాకేవాళ్ళు. చిన్నపిల్లలు ఆ కూనలకు ఆటగా తాళ్ళు కట్టి లాగడం నేర్పేవాళ్ళు. పిల్లవాడూ కూనా ఒకరికొకరు పని నేర్పుకుంటూ ఎదిగేవాళ్ళు. ప్రతి కుక్కకూ పేరు ఉండేది. ఒక మగవాడికి తన సొంత కుక్కల జట్టు ఉందంటే ఇంటిని పోషించగలడని, పెళ్ళికి తగినవాడని లెక్క. కుక్కల్లేని వేటగాడు కాళ్ళు లేనివాడితో సమానం.

ఈ బంధాన్ని పట్నాల్లో ఇంట్లో పెంచుకునే కుక్కతో పోల్చకూడదు. కిమ్మిక్ ఇంటి లోపల పడుకోదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ముద్దు చేయరు. మొరటు జంతువు అది. తినడానికేమీ లేని కరువులో ఇనుయిట్లు కుక్కను కోసుకుని తిన్న రోజులూ ఉన్నాయి. అయినా మనిషి ప్రాణం కుక్క మీద, కుక్క ప్రాణం మనిషి మీద ఆధారపడి ఉండేవి. మనిషి సీల్‌ను కొడితే కుక్క తినేది. కుక్క రంధ్రం చూపితే మనిషి తినేవాడు.

ఊళ్ళు కట్టిన సర్కారు

1940ల చివర్లో నక్క బొచ్చు ధర పడిపోయింది. తెల్ల నక్క తోళ్ళు అమ్మి తుపాకులు, పిండి, టీ కొనుక్కుంటున్న ఇనుయిట్లకు చేతిలో డబ్బు ఆడలేదు. అదే కాలంలో క్షయ రోగం పాకింది. 1950 నుంచి సి.డి. హౌ అనే ఓడ ఏటా తీరం వెంబడి తిరిగి, రోగులను దక్షిణాది ఆసుపత్రులకు తీసుకుపోయేది. వెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగి రాలేదు.

కెనడా సర్కారు అప్పుడు బడులు, దవాఖానాలు, ఇళ్ళు ఒకేచోట కట్టి ఇనుయిట్లను అక్కడికి రమ్మంది. అప్పటిదాకా వాళ్ళు నాలుగైదు కుటుంబాలుగా, వేట దొరికే చోట గుడిసెలు వేసుకుని, కాలాన్ని బట్టి మారుతూ ఉండేవాళ్ళు. బడికి పిల్లల్ని పంపకపోతే పిల్లల పేర వచ్చే సర్కారు భత్యం ఆగిపోతుందని అధికారులు చెప్పినట్టు చాలామంది పెద్దలు తర్వాత సాక్ష్యమిచ్చారు. పిల్లల్ని ఒంటరిగా వదల్లేక తల్లిదండ్రులు వెంట వచ్చారు. వాళ్ళ వెంట కుక్కలూ వచ్చాయి. 1950 నుంచి 1975 లోపల బాఫిన్ ప్రాంతంలో, అంటే వాళ్ళ మాటలో కికిక్తానీలో, ఇనుయిట్లు దాదాపు అందరూ 13 స్థిరమైన ఊళ్ళకు చేరిపోయారు.

తుపాకీ మోతలు

కొత్త ఊళ్ళలో చిక్కు మొదలైంది. వేట చోట్లలో కుక్కలు వదిలే ఉండేవి. ఊళ్ళో వందల కుక్కలు ఒక్కచోట చేరాయి. చిన్నపిల్లలున్నారు, బయటి నుంచి వచ్చిన టీచర్లు, నర్సులు, వ్యాపారులు ఉన్నారు. కుక్కలు పిల్లల్ని కరిచిన ఘటనలు నిజంగానే జరిగాయి. పిచ్చికుక్క రోగం, డిస్టెంపర్ అనే కుక్కల జబ్బు ఉన్నమాటా నిజమే. 1961-62 చలికాలంలో పాంగ్నిర్తుంగ్ చుట్టుపక్కల జబ్బు సోకి కుక్కలు పెద్ద సంఖ్యలో చచ్చిపోతే, వేటకు పోలేని కుటుంబాలను అధికారులు ఊళ్ళోకి తరలించాల్సి వచ్చింది.

ఊళ్ళో కుక్కల్ని కట్టేసి ఉంచాలని చట్టం వచ్చింది. వదిలేసి కనబడిన కుక్కను చంపే అధికారం పోలీసులకు దక్కింది. ఆ చట్టం ఇంగ్లీషులో ఉంది. దాన్ని ఇనుయిట్లకు వాళ్ళ భాషలో, అర్థమయ్యేలా చెప్పిన చోట్లు తక్కువ. బండి లాగే కుక్కను రోజంతా గొలుసుకు కట్టేస్తే ఏమవుతుందో ఇనుయిట్లకు తెలుసు. దాని ఒంట్లో బలం పోతుంది, తిండి తనకు తాను వెతుక్కోలేదు, కోపిష్టిదవుతుంది. తాడుతో కడితే కొరికేస్తుంది. గొలుసులు కొనడానికి డబ్బుల్లేవు.

1950ల నడిమి నుంచి 1970ల మొదటి దాకా రాయల్ కెనడియన్ మౌంటెడ్ పోలీసులు, ఇతర అధికారులు ఊరి తర్వాత ఊళ్ళో కుక్కల్ని కాల్చారు. వేట నుంచి సరుకుల కోసం దుకాణానికి వచ్చినవాడి కుక్కల్ని, అతను లోపల ఉండగానే కాల్చిన సందర్భాలున్నాయి. బండి ఉంది, లాగే కుక్క లేదు. ఇల్లు ఎంతో దూరంలో ఉంది. మరి ఆ మనిషి ఎలా వెళ్ళాలి? వెళ్ళలేకపోయాడు. ఊళ్ళోనే ఉండిపోయాడు.

అక్కడి నుంచి జరిగింది మనం ఊహించుకోవచ్చు. వేట పోయింది. మాంసం లేక దుకాణంలో దొరికే పిండి, చక్కెర మీద బతుకు సాగింది. సర్కారు ఇచ్చే సాయం కోసం వరుసలో నిలబడాల్సి వచ్చింది. కొడుకుకు నేర్పడానికి తండ్రి దగ్గర పని లేకపోయింది. సారా వచ్చింది. 1960లలో మంచు మీద నడిచే మోటారు బండ్లు వచ్చాయి. డబ్బున్నవాళ్ళు కొన్నారు. కానీ మోటారుకు పెట్రోలు కావాలి. అది సీల్ రంధ్రాన్ని వాసన పట్టదు. తుఫానులో ఇంటికి దారి చూపదు. నడిమంచులో చెడిపోతే మనిషి అక్కడే గడ్డకట్టి చస్తాడు.

రెండు నిజాలు

ఎన్నో ఏళ్ళు ఈ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఇనుయిట్ పెద్దలు మాత్రం తమలో తాము చెప్పుకుంటూనే ఉన్నారు. 1999లో నునావుట్ అనే ప్రత్యేక ప్రాంతం ఏర్పడి, సొంత పాలన వచ్చాక ఆ మాటలకు బలం వచ్చింది. 2005లో కెనడా పార్లమెంటు కమిటీ ఒకటి దీనిపై న్యాయమూర్తి చేత విచారణ జరిపించాలని కోరింది. సర్కారు న్యాయమూర్తిని పెట్టలేదు. పోలీసుల మీద ఆరోపణ వస్తే ఆ పోలీసులనే విచారించుకోమంది. 2006లో పోలీసు నివేదిక వచ్చింది. కుక్కల్ని చంపింది చట్టప్రకారం, జనం ఆరోగ్యం కోసం, భద్రత కోసమేనని, పథకం ప్రకారం ఊచకోత ఏమీ జరగలేదని అందులో రాశారు.

పోలీసుల దగ్గర ఫైళ్ళున్నాయి. ఇనుయిట్ల దగ్గర కాగితం ముక్క లేదు. ఎవరి కుక్క ఏ రోజున ఎక్కడ చచ్చిందో రాసుకున్నవాడు లేడు. వాళ్ళ దగ్గర ఉన్నది జ్ఞాపకం ఒక్కటే.

అప్పుడు వాళ్ళు చేసిన పని మనం నేర్చుకోవలసినది. సర్కారు విచారణ కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. కికిక్తానీ ఇనుయిట్ సంఘం 2007లో సొంతంగా ఒక సత్య కమిషన్ వేసుకుంది. జేమ్స్ ఇగ్లోలియోర్టె అనే రిటైర్డ్ జడ్జి దానికి కమిషనర్. ఆయన కూడా ఇనుయిటే. కమిషన్ 13 ఊళ్ళకూ వెళ్ళింది. దాదాపు 350 మంది ముందుకొచ్చి తమ భాషలో సాక్ష్యం చెప్పారు. అన్నీ రికార్డు చేశారు. పాత సర్కారు ఫైళ్ళు వెతికి తీశారు. పదవీ విరమణ చేసిన పోలీసులతోనూ మాట్లాడారు.

నివేదిక 2010లో వచ్చింది. అందులో ఉన్న నిజాయితీ చూడండి. ఇనుయిట్లను వేట నుంచి దూరం చేయడానికి సర్కారు రహస్యంగా కుట్ర పన్నిందనే మాటకు రుజువు దొరకలేదని తమ సొంత కమిషనే రాసింది. అదే సమయంలో, కుక్కల్ని చంపడం వల్ల జరిగిన నష్టం నిజమని, ఆ జనం జీవనం గురించి తెలియకుండా, వాళ్ళను అడగకుండా, వాళ్ళకు చెప్పకుండా చట్టాన్ని రుద్దారని గట్టిగా తేల్చింది. తమకు నచ్చిన మాటను కూడా రుజువు లేకపోతే పక్కన పెట్టారు కాబట్టి మిగతా మాటలను ఎవరూ తోసెయ్యలేకపోయారు. 2010లోనే ఈ రెండు నిజాల మీద ఒక డాక్యుమెంటరీ సినిమా కూడా వచ్చింది.

పక్కనున్న క్యుబెక్ రాష్ట్రంలోని నునావిక్ ప్రాంతంలోనూ ఇలాగే జరిగింది. అక్కడ జాన్-జాక్ క్రోటో అనే రిటైర్డ్ జడ్జి 2010లో ఇచ్చిన నివేదిక ప్రకారం వెయ్యికి పైగా కుక్కల్ని చంపారు. 2011లో క్యుబెక్ సర్కారు తప్పును గుర్తించి 30 లక్షల డాలర్లు ఇచ్చింది. 2019 ఆగస్టులో కెనడా సర్కారు మంత్రి ఇకాలుయిట్ పట్టణానికి వచ్చి కికిక్తానీ ఇనుయిట్లకు క్షమాపణ చెప్పారు. నునావిక్ ఇనుయిట్లకు కెనడా సర్కారు క్షమాపణ 2024 నవంబరులో అందింది. మొదటి తుపాకీ మోతకు, ఆ క్షమాపణకు మధ్య దాదాపు 70 ఏళ్ళు. ఆ కుక్కల యజమానుల్లో చాలామంది అప్పటికి బతికి లేరు.

కుక్కలు మాత్రం పూర్తిగా పోలేదు. 1970ల నాటికి ఆ జాతి అంతరించే దశకు వచ్చింది. మిగిలిన కొన్నింటిని వెతికి తెచ్చి పెంచారు. 2000లో నునావుట్ తన అధికార జంతువుగా ఇనుయిట్ కుక్కను ప్రకటించింది. నునావిక్‌లో 2001 నుంచి ఇవక్కక్ అనే కుక్కబండ్ల పందెం నడుస్తోంది. అచ్చమైన ఇనుయిట్ కుక్కలనే అందులో రానిస్తారు. యువకులు మళ్ళీ తాళ్ళు పట్టుకున్నారు.

మన సంగతి

మన దగ్గర కుక్కల్ని అలా వరుసగా కాల్చలేదు. ఆ కథను మన మీద అతికించుకోవడం సరి కాదు. కానీ మన గూడేల్లో కుక్క పని ఎలా మారిందో ఆలోచిస్తే కొన్ని పోలికలు కనబడతాయి.

గోండీలో కుక్కను 'నై' అంటారు. తమిళంలో 'నాయ్', కన్నడలో 'నాయి'. కువిలో, కుయిలో వినబడే 'నకురి' లాంటి మాటలు కూడా ఈ కుటుంబానివేనని భాషావేత్తలు చెబుతారు. అంటే ఈ భాషలు ఒకదాని నుంచి ఒకటి విడిపోక ముందే, వేల ఏళ్ళ కిందటే, మన పూర్వీకుల పక్కన కుక్క ఉంది, దానికి పేరూ ఉంది. ఏ శాసనం కంటే కూడా ఈ మాట పాతది.

విత్తనాల పండుగ రోజుల్లో మగవాళ్ళు అడవికి వేటకు పోతే కుక్కలు ముందు నడిచేవి. చెంచు పెంటల్లోనూ కుక్క లేకుండా వేట లేదు. మా గూడెంలో మాంసం పంచేటప్పుడు కుక్కల పేర వాటా పక్కన పెట్టేవాళ్ళని మా తాత చెప్పేవాడు. వేటలో దెబ్బ తిన్న కుక్కకు పసరు వైద్యం కూడా చేసేవాళ్ళట.

1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి అడవి రిజర్వు అయింది. 1972లో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం మనకు ఎన్నో హక్కులు ఇచ్చినా, వేట హక్కును మాత్రం అందులో చేర్చకుండా స్పష్టంగా మినహాయించింది. తెల్లదొరలు నీలగిరుల్లో, తోడ ఆదివాసుల నేల మీద, ఇంగ్లండు నుంచి తెచ్చిన కుక్కల గుంపులతో నక్కల్ని వేటాడుతూ క్లబ్బు పెట్టుకున్న 19వ శతాబ్దంలోనే, తిండి కోసం కుక్కతో అడవికి పోయే ఆదివాసి మీద నిబంధనలు బిగిసాయన్నది మరువకూడదు. జంతువులు తగ్గిపోయిన ఈ రోజుల్లో వేట మళ్ళీ మొదలుపెట్టమని నేను అనడం లేదు. ఆ చట్టాలు వచ్చినప్పుడు మన పెద్దలకు ఎవరు చెప్పారు, ఏ భాషలో చెప్పారు, వాళ్ళు ఏమి పోగొట్టుకున్నారు అన్నది రాసి ఉంచుకోవాలంటున్నాను.

ప్రాజెక్టుల కింద ఊళ్ళు ఖాళీ చేసే చోట ఇది ఇంకా అవసరం. 2013 భూసేకరణ చట్టంలో పశువుల కొట్టానికి సాయం ఉంది. కుక్క ప్రస్తావన లేదు. పోలవరం కింద కోయలు, కొండరెడ్లు ఊళ్ళు వదిలి పునరావాస కాలనీలకు పోతున్నారు. పోడు చేనును అడవి పందుల నుంచి కాసిన కుక్కకు, వరుసగా కట్టిన సిమెంటు ఇళ్ళ మధ్య ఏం పని ఉంటుంది? వెంట వచ్చిందా, పాత ఊళ్ళోనే ఉండిపోయిందా? ఇప్పుడు అడిగితే చెప్పేవాళ్ళున్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఉండరు.

ఇంకో మాట టీచర్లకు. ఇనుయిట్ల ఊళ్ళలో పిల్లల భద్రత అన్న కారణం అబద్ధం కాదు. మన దగ్గరా పిచ్చికుక్క కాటు ప్రాణం తీస్తుంది. లక్షణాలు కనబడ్డాక మందు పనిచేయదు. కరిచిన వెంటనే పుండును సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, పసరు కట్టడం కోసం ఆగకుండా, పీహెచ్‌సీకి పోయి టీకా మొదలుపెట్టాలని పిల్లలకు చెప్పాలి. ఊరి కుక్కలకు టీకాలు వేయించడానికి పశువుల డాక్టరు వస్తే, ఎందుకు వేస్తున్నారో మన భాషలో ముందుగా చెప్పి పెద్దల్ని ఒప్పించే పని మనదే. అక్కడ ఈ చెప్పడమే కరువైంది.

బడిలో చేయగల పని

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు దీన్ని ప్రాజెక్టు పనిగా ఇవ్వవచ్చు. ప్రతి పిల్లవాడూ తన తాతనో, అవ్వనో ఈ ప్రశ్నలు అడగాలి. మీ చిన్నప్పుడు ఇంట్లో ఉన్న కుక్క పేరేమిటి? ఆ పేరు ఎందుకు పెట్టారు? దాన్ని ఏ కూతతో పిలిచేవాళ్ళు? ఏ పని నేర్పారు, ఎలా నేర్పారు? జబ్బు చేస్తే ఏ ఆకు వాడారు? చచ్చిపోతే ఏం చేశారు? అడవికి తీసుకుపోవడం ఎప్పుడు మానేశారు, ఎందుకు?

జవాబు మన భాషలోనే, వాళ్ళు చెప్పినట్టే తెలుగు లిపిలో రాయాలి. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ వాళ్ళ అనుమతితో కింద రాయాలి. ఇద్దరు పెద్దలు రెండు రకాలుగా చెబితే రెండూ రాయాలి. ఒకటి కొట్టేయకూడదు. సెల్‌ఫోనులో గొంతు రికార్డు చేస్తే ఇంకా మంచిది. ముఖ్యంగా ఆ పిలుపు కూతలు రాతకు లొంగవు.

ఏడాదికి ఒక బడి నుంచి ముప్పై నోటు పుస్తకాలు వచ్చినా, అది ఏ ఆఫీసులోనూ లేని దస్త్రం అవుతుంది. కుక్క గురించి అడగడం మొదలుపెడితే పెద్దలు అడవి గురించి చెబుతారు, జంగ్లాత్ వాళ్ళ గురించి చెబుతారు, వదిలి వచ్చిన పాత గూడెం గురించి చెబుతారు. చరిత్ర చెప్పమంటే మాకేం తెలుసు అనే అవ్వ కూడా తన కుక్క పేరు మాత్రం మరిచిపోదు.